సిలువ గురించి పిల్లలకు చెప్పేటప్పుడు

“దేవుడే కదా నాన్నా, ఊరికే క్షమించెయ్యొచ్చుగా? యేసయ్య ఎందుకు చచ్చిపోవాలి?”

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గుడిలో కూర్చుని, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు విని ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల ఇలా అడిగిందనుకోండి. కొందరు తల్లిదండ్రులు “అలా అడక్కూడదమ్మా, తప్పు” అంటారు. కొందరు “వచ్చే ఆదివారం అయ్యగారిని అడుగుదాంలే” అని దాటేస్తారు. ఇంకొందరు ఆ పూట పిల్లల గోలతో విసిగి ఉంటే, “నువ్వు చేసే అల్లరికే ఆయన్ని మేకులు కొట్టారు” అనేస్తారు. మొదటి రెండూ తర్వాత సర్దుకోవచ్చు. మూడోది మాత్రం దయచేసి అనకండి.

నా పాపం కోసం ఆయన చనిపోయాడని పెద్దవాళ్లం అనుకున్నప్పుడు దాని వెనక ఎన్నో ఏళ్ల బతుకు ఉంటుంది. చేసిన తప్పులు, పొందిన క్షమాపణ, కన్నీళ్ల ప్రార్థనలు అన్నీ అందులో ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్లకి అవేవీ లేవు. చెల్లెల్ని గిల్లినందుకు ఒక మంచి మనిషిని చంపేశారని మాత్రమే ఆ పిల్లకి అర్థమవుతుంది. రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చే పిల్లలున్నారు. భారం దించడానికి వచ్చినవాడి పేరు చెప్పి మనమే పసివాళ్ల మీద భారం ఎక్కించడం న్యాయం కాదు.

1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమా మన ఊళ్లలో ఇప్పటికీ చాలామందికి గుర్తే. గుడి ముందు తెర కట్టి వేసినప్పుడు, విజయచందర్ సిలువ మోస్తూ పడిపోయే చోట పెద్దవాళ్లే కొంగులతో కళ్లు తుడుచుకునేవారు. ఒళ్లో కూర్చున్న పిల్లలకు అది మరీ కఠినం. చిన్నపిల్లలకు ఇలాంటివి చూపించేటప్పుడు ఒక పని చేయండి. పునరుత్థానం దాకా కూర్చోబెట్టండి. సిలువ దగ్గర ఆపేసి నిద్రపుచ్చకండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి వెళ్లినవాళ్లు రంగు అద్దాల కిటికీలు చూసే ఉంటారు. ప్రభువు జననం, సిలువ, ఆరోహణం అక్కడ ఒకే గుడిలో ఉన్నాయి. చర్చికి తీసుకెళ్లినప్పుడు మూడింటి ముందూ నిలబెట్టి కథ మొత్తం చెప్పండి.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్న దగ్గరికి వద్దాం. అది తప్పు ప్రశ్న కానే కాదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ 1098లో ఒక పుస్తకం ముగించాడు, దేవుడు మనిషి ఎందుకయ్యాడు అని. అదంతా గురువుకీ బోసో అనే శిష్యుడికీ మధ్య సంభాషణ. ఆ శిష్యుడు అడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటి. సర్వశక్తిమంతుడు ఒక్క మాటతో క్షమించలేడా, ఇంత బాధ ఎందుకు? ఆన్సెల్మ్ దీన్ని మనిషి దేవుడికి చెల్లించలేకపోయిన గౌరవం, దాన్ని చెల్లించిన క్రీస్తు అనే దారిలో వివరించాడు. తర్వాతి తరంలో పారిస్‌లో పాఠాలు చెప్పిన అబెలార్డ్ సిలువలో కనబడే ప్రేమే మన గుండెను మారుస్తుందని నొక్కి చెప్పాడు. సంస్కరణోద్యమ కాలంలో కాల్విన్ వంటివారు మనకు పడాల్సిన శిక్ష ఆయన మీద పడిందన్నారు. 1930లో స్వీడన్ పండితుడు గుస్తాఫ్ ఔలెన్ మరో సంగతి గుర్తుచేశాడు. పాపం, మరణం, సాతాను అనే శత్రువుల మీద క్రీస్తు గెలిచిన గెలుపుగానే తొలి సంఘ పితరులు సిలువను చూశారన్నాడు. ఇన్ని వివరణలు ఉన్నా, 325లో నైసియాలో మొదలై 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో నిండైన విశ్వాస ప్రమాణం మాత్రం ఆయన మన కోసం, మన రక్షణ కోసం వచ్చి సిలువ వేయబడ్డాడని చెప్పి ఊరుకుంది. ఎలా అనేది ఒకే ఒక్క సూత్రంలో బిగించలేదు.

కాబట్టి మీరు కంగారు పడనక్కర్లేదు. చిన్నపిల్లలకు గెలుపు కథ చాలు: యేసయ్య చావుతో పోరాడి గెలిచాడు, ఇక అది మనల్ని పట్టి ఉంచలేదు. పదేళ్లు దాటాక న్యాయం, అప్పు, శిక్ష అనే మాటలు వాళ్లకే అర్థమవుతాయి, అప్పుడు ఆ సంగతులు మాట్లాడవచ్చు. ఏ వయసులో ఏ వివరణ ఎంచుకున్నా ఒక్క హద్దు మాత్రం దాటకండి. తండ్రి కోపిష్ఠి, కొడుకు దయగలవాడు, కొడుకు అడ్డుపడి తండ్రి చేతి దెబ్బ తాను తిన్నాడు అన్నట్టుగా చెప్పకండి. ఇంట్లో అలాంటి తండ్రి ఉన్న పిల్లలకు ఈ మాట ఎలా వినబడుతుందో ఆలోచించండి. నాన్న చెయ్యి ఎత్తినప్పుడు అమ్మ మధ్యలోకి వచ్చిన రాత్రులు వాళ్లకు తెలుసు. దేవుడూ అంతేనని ఆ పిల్లలు నిర్ణయించుకుంటే, వాళ్లు ఆయన్ని నాన్నా అని పిలవడానికి ఎన్నేళ్లు పడుతుందో.

పౌలు చెప్పింది వేరు. దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని కొరింథీయులకు రాశాడు. యోహాను కూడా తన మొదటి పత్రికలో అదే వరుస చెప్పాడు: ప్రేమ మన దగ్గర మొదలు కాలేదు, ఆయన దగ్గర మొదలైంది, అందుకే కుమారుణ్ణి పంపాడు. పాత నిబంధన కూడా ఇదే మాట చెప్తుంది, మనం గమనించం అంతే. లేవీయకాండము 17వ అధ్యాయంలో బలిపీఠం మీది రక్తం గురించి చెప్తూ, ప్రాయశ్చిత్తం కోసం దాన్ని నేనే మీకిచ్చాను అని అర్థం వచ్చేలా దేవుడు మాట్లాడతాడు. జనం ఆయనకు లంచమిచ్చి కోపం చల్లార్చడం కాదది. దారి తప్పిన జనం తిరిగి రావడానికి ఆయనే ఇచ్చిన దారి. ప్రత్యక్ష గుడారంలో మందసం మీద ఉన్న మూత పేరు కరుణాపీఠం. ప్రధాన యాజకుడు ఏడాదికొకసారి, ప్రాయశ్చిత్త దినాన, రక్తం ప్రోక్షించేది అక్కడే.

ఆ ప్రాయశ్చిత్త దినం గురించి లేవీయకాండము 16వ అధ్యాయం ఒక్కసారి పిల్లలతో కలిసి చదవండి. రెండు మేకలుంటాయి. ఒకదాన్ని వధిస్తారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడైన అహరోను రెండు చేతులూ ఉంచి జనం పాపాలన్నీ ఒప్పుకుని దాన్ని అరణ్యంలోకి పంపించేస్తాడు. పిల్లలు ఆ రెండో మేక దగ్గర ఆగిపోతారు. అది మళ్లీ వస్తుందా, దారి కనుక్కుంటుందా, దానికి తిండెవరు పెడతారు అని అడుగుతారు. తిరిగి రాకుండా దూరంగా తీసుకెళ్లి వదిలేస్తారని చెప్పండి. క్షమించిన తప్పును మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోకూడదన్న సంగతి వాళ్లకు అక్కడే అందుతుంది. పాత తప్పులన్నీ ఏకరువు పెట్టే అలవాటు మనకుంటే, ఆ మేక కథ పిల్లలకన్నా ముందు మనల్ని నిలదీస్తుంది.

ఆ అధ్యాయంలో మనం దాటిపోయే సంగతి ఇంకొకటి ఉంది. అహరోను జనం కోసం బలి అర్పించే ముందు, తన కోసం, తన ఇంటివారి కోసం ఒక కోడెను అర్పించాలి. ఇంటి పెద్ద తన తప్పుతో మొదలుపెట్టాలన్నమాట. మన ఇళ్లలో దీనికి చాలా ధైర్యం కావాలి. “నిన్న నీమీద అనవసరంగా అరిచాను బాబూ, తప్పు నాది” అని తండ్రి కొడుకుతో అంటే పెద్దరికం పోతుందని భయం. పోదు. కుటుంబ ప్రార్థనలో పిల్లల తప్పుల చిట్టా దేవుడికి వినిపించే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు: “ప్రభువా, వీడికి బుద్ధి ఇవ్వు, వీడు చదవడం లేదు, అబద్ధాలాడుతున్నాడు.” పిల్లాడు కళ్లు మూసుకుని ఆ మాటలన్నీ వింటుంటాడు. ప్రార్థన అంటే తన మీద ఫిర్యాదు అనుకుంటాడు. ఆ చోట మీ తప్పు ఒక్కటి, పేరు పెట్టి, ఒప్పుకుని చూడండి. మరుసటి వారం వాడే తనదొకటి చెప్తే ఆశ్చర్యపోకండి.

ఊరికే క్షమించొచ్చుగా అన్న ప్రశ్నకు ఇంట్లోనే ఒక జవాబు దొరుకుతుంది. పిల్లాడు మీ ఫోను కింద పడేసి పగలగొట్టాడు. మీరు కొట్టలేదు, క్షమించారు. మరి అద్దం ఎవరు వేయించాలి? వాడి దగ్గర డబ్బు లేదు. ఆ నాలుగు వేలు మీ జేబులోంచే పోతాయి. క్షమించడమంటే నష్టం మాయమవడం కాదు, క్షమించినవాడు ఆ నష్టాన్ని తన మీద వేసుకోవడం. ఈ సంగతి అయిదో తరగతి పిల్లాడికి బాగా అర్థమవుతుంది. అది చెప్పి, సిలువ మీద దేవుడు మన నష్టాన్ని తన మీదే వేసుకున్నాడని చెప్పండి. ఈ పోలిక సిలువలోని మొత్తం మర్మాన్ని అందుకోదు. కానీ ఆయన క్షమాపణకి ఖర్చయిందని, ఆ ఖర్చు ఆయనే పెట్టుకున్నాడని చెప్పడానికి చాలు.

అయితే కనికరం ముందు వస్తే, పిల్లలు దాన్ని అలుసుగా తీసుకోరా అని చాలామంది భయం. జక్కయ్య కథ చూడండి. యెరికోలో మేడిచెట్టెక్కిన ఆ సుంకపు గుత్తదారుణ్ణి యేసు ముందు కిందికి పిలిచి, మీ ఇంటికే వస్తున్నానన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క పైసా తిరిగివ్వలేదు. ఆయన ఇంటికొచ్చాకే ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానని లేచి నిలబడ్డాడు. ధర్మశాస్త్రం ఇలా ఒప్పుకున్నవాడిని అడిగింది అసలుకు అయిదో వంతు మాత్రమే ఎక్కువ. కనికరం చూసినవాడు లెక్క దాటి ఇచ్చాడు. మన పిల్లల విషయంలో ఈ వరుసను తిప్పకండి. అమ్మ పర్సులోంచి వంద రూపాయలు తీసిన పిల్లాడితో ముందు “నువ్వు నా కొడుకువే, అందులో మార్పు లేదు” అని తేల్చండి. ఆ తర్వాత వంద ఎలా తిరిగిస్తావో నువ్వే చెప్పు అని అడగండి. పక్కింటి వాళ్లది తీసుంటే వాళ్లింటికి మీరూ వెంట వెళ్లండి. ఒంటరిగా పంపకండి, అలాగని వెళ్లకుండా తప్పించనూ వద్దు. మూడు రోజులు మాట్లాడకుండా ఉండటం, అన్నం దగ్గర మొహం తిప్పుకోవడం లాంటి శిక్షలు మానేయండి. అమ్మ ప్రేమ తప్పు తీర్చాక దొరికే జీతమని అవి పిల్లలకు నేర్పుతాయి. రేపు దేవుడి దగ్గరా అలాగే లెక్కలు వేసుకుంటారు, ఉపవాసాలతో, మొక్కుబడులతో.

పేతురు సంగతి ఇంకా సున్నితమైనది. ప్రధాన యాజకుడి ముంగిట్లో చలిమంట దగ్గర ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. యోహాను సువార్త చివర్లో, గలిలయ సముద్రం ఒడ్డున, ప్రభువు మళ్లీ నిప్పులు రాజేసి చేపలూ రొట్టే సిద్ధం చేశాడు. ముందు తినమన్నాడు. తిన్నాక మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ఎందుకలా చేశావని ఒక్కసారీ అడగలేదు. పరీక్షలో చూసి రాసి పట్టుబడి వచ్చిన పిల్లకు ముందు అన్నం పెట్టండి. మాటలు తర్వాత.

ఇంక అందరికీ తెలిసిన తప్పిపోయిన కొడుకు కథలో, లూకా 15లో, పెద్దకొడుకు దగ్గర కాసేపు ఆగాలి. మన ప్రసంగాలన్నీ పందుల పొట్టు దగ్గరా, పరిగెత్తుకొచ్చిన తండ్రి దగ్గరా ముగిసిపోతాయి. కానీ ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దకొడుకు ఉంటాడు. చాలాసార్లు ఆ స్థానం ఆడపిల్లది. చెప్పిన పని చేసేది, తమ్ముణ్ణి చూసుకునేది, మార్కులు తెచ్చుకునేది. తమ్ముడు బండి తీసుకెళ్లి గుద్దేసి వస్తే ఇల్లంతా వాడి చుట్టూ చేరుతుంది. “పోనీలే, ప్రాణంతో వచ్చాడు” అంటారు. ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి అనుకుంటుంది, నా కోసం ఎప్పుడైనా ఇలా చేశారా అని. ఆ బాధను అసూయ అని కొట్టెయ్యకండి. కథలోని తండ్రి కొట్టెయ్యలేదు. చిన్నవాడి కోసం ఎలా బయటికొచ్చాడో, పెద్దవాడి కోసమూ విందు మధ్యలో లేచి బయటికొచ్చాడు. ఉన్నదంతా నీదేనని గుర్తుచేశాడు. లోపలికి రమ్మని బతిమాలాడు. ఆ పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు అక్కడ ఆపి, మీరైతే వెళ్తారా అని అడగండి. జవాబు మీరు ముందే అందించకండి. మంచి పిల్లలకు కూడా కనికరం కావాలి, వాళ్ల కష్టాన్ని చూశామని చెప్పే కనికరం. మగపిల్లాడికి క్షమాపణ, ఆడపిల్లకి బాధ్యత అన్న పంపకం మీ ఇంట్లో ఉంటే, దాన్ని ఈ కథ ముందు పెట్టి పరీక్షించుకోండి.

వైకల్యంతో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులకు ఒక మాట విడిగా చెప్పాలి. మీ చెవిన పడ్డ మాటలు నేను ఊహించగలను. ఏ పాపం చేశారో, తాతల నాటి శాపమేమో, ఇంకా ఒప్పుకోని తప్పేదో ఉందేమో. ప్రార్థన కూటాల్లో, బంధువుల నోట, ఒక్కోసారి బోధకుల నోట కూడా వస్తాయివి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు: ఈ పుట్టుగుడ్డివాడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలా? యేసు రెండూ కాదన్నాడు. అంతకు చాలా ముందే యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో, తండ్రి దోషాన్ని కొడుకు మోయడని ఖండితంగా చెప్పాడు. సిలువలో ప్రాయశ్చిత్తం సంపూర్ణంగా జరిగిందని నమ్మే మనం, దాని బాకీ ఇంకా ఒక పసిబిడ్డ ఒంట్లో ఉందని ఎలా అంటాం? అలా అనేవాళ్ల దగ్గరికి బిడ్డను తీసుకెళ్లకండి. వైద్యం చేయించండి, ప్రార్థించండి, సండే స్కూలుకి పంపండి. ఆ బిడ్డ దేనికీ శిక్ష కాదు, మీరూ శిక్ష అనుభవించడం లేదు.

క్షమించడం గురించి పిల్లలకు నేర్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. బంధువో, మాస్టారో, గుడిలో పెద్దో బిడ్డను ముట్టుకోరాని చోట ముట్టుకున్నాడని తెలిస్తే, “యేసయ్య క్షమించమన్నాడు, ఎవరికీ చెప్పకు” అనడం సువార్త కాదు. అది నేరాన్ని దాచడం. క్షమించినా న్యాయం ఆగనక్కర్లేదు. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఇద్దరు చిన్న కొడుకుల్ని వాహనంలో సజీవంగా కాల్చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించానని చెప్పింది, బారిపదలో కుష్ఠు రోగుల సేవలో కొనసాగింది. అయినా చట్టం తన పని చేసింది. కేసు నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడి జీవిత ఖైదును ఖాయం చేసింది. ఆమె క్షమాపణ న్యాయస్థానాన్ని ఆపలేదు, న్యాయస్థానం ఆమె క్షమాపణను చెరపలేదు. పెద్దావిడ తనంతట తాను చేసిన ఆ పనిని గాయపడ్డ బిడ్డ మీద రుద్దకండి. బిడ్డ మాట నమ్మండి, పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి, పోలీసులకు చెప్పండి. క్షమించడం ఎప్పుడో, అసలు ఏమిటో, ఆ బిడ్డకీ దేవుడికీ మధ్య మెల్లగా తేలే సంగతి.

కథోలిక కుటుంబాలకు చిన్న మాట. పిల్లలు మొదటిసారి పాపసంకీర్తనానికి వెళ్లొచ్చాక, లోపల ఏం చెప్పావని అడగకండి. ఫాదర్ గారు ప్రాణం పోయినా ఆ రహస్యం బయటపెట్టకూడదని సంఘం నియమం పెట్టింది. ఇంట్లో మనం దాన్ని బద్దలుకొట్టకూడదు. 2000లో రెండవ జాన్ పాల్ పోపుగారు పోలండు సన్యాసిని ఫౌస్తీనాను పునీతురాలిగా ప్రకటించి, ఈస్టర్ తర్వాతి ఆదివారాన్ని దైవ కరుణకు అంకితం చేశారు. ఆ ఆదివారం ఇంట్లో ఎవరితో ఎవరు మాట్లాడటం మానేశారో చూసుకుని, ఆ పూట భోజనానికి వాళ్లను పిలవండి.

చివరిగా, ఇల్లు విడిచి వెళ్లిన పెద్దపిల్లల గురించి. హైదరాబాదులో హాస్టల్లోనో, బెంగళూరులో ఉద్యోగంలోనో, డాలస్‌లో చదువులోనో ఉన్న కొడుకో కూతురో గుడికి వెళ్లడం మానేశారని మీకు తెలుసు. రాత్రుళ్లు నిద్ర పట్టదు. తప్పిపోయిన కొడుకు వెళ్తానన్నప్పుడు ఆ తండ్రి తలుపుకు అడ్డం నిలబడలేదు. కానీ వాడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి కళ్లకు కనబడ్డాడు. అంటే దారి వైపు చూడటం ఆయన మానలేదు. తిరిగొచ్చిన కొడుకు దారంతా వల్లించుకున్న ఒప్పుకోలు మాటల్లో సగం ఆయన వినిపించుకోనే లేదు. వస్త్రం తెమ్మన్నాడు, ఉంగరం తెమ్మన్నాడు. కాబట్టి ఆదివారం సాయంత్రం మీరు చేసే ఫోనులో మొదటి ప్రశ్న మార్చండి. “గుడికెళ్లావా?” అన్నది వద్దు. ఏం తిన్నావు, ఒంట్లో ఎలా ఉంది, రూమ్మేటుతో గొడవ సర్దుకుందా అని అడగండి. వాట్సాప్‌లో నరకం మీద ప్రసంగాల వీడియోలు పంపకండి. పండక్కి టికెట్ తీయమంటావా అని అడగండి. వస్తానంటే, వచ్చాక గుడి మాట వాళ్లే ఎత్తేదాకా ఆగండి.